పూజలో కూర్చున్న ఇనుప దిమ్మె

నేను ఒక ఇనుప దిమ్మెను. అందం లేదు, చందం లేదు. ట్రాక్టర్ ముందు వేలాడటమే నా ఉద్యోగం. వెనక చక్రాలు బురదలో దిగబడితే ఇంజను బలానికి బండి ముక్కు పైకి లేస్తుంది. అలా లేవకుండా నొక్కిపట్టి తోలేవాడి ప్రాణం కాపాడేది నేనే. ఇప్పుడు మాత్రం ఒక కంపెనీ మ్యూజియంలో, ఎర్ర మఖమలు గుడ్డ మీద, పనీ పాటా లేకుండా కూర్చున్నాను. నా పక్కన ఆ కంపెనీ స్థాపకుడు పానకాలయ్య గారి నిలువెత్తు ఫోటో ఉంది. చేతిలో రెంచీ. దాన్ని తలకిందులుగా పట్టుకున్నాడు మహానుభావుడు!

ఆయన జీవితచరిత్రను కొడుకులు బంగారు అక్షరాల అట్టతో అచ్చేయించారు. మొదటి ట్రాక్టర్‌ను సొంత చేతులతో తయారుచేశాడట. నవ్విపోదురు గాక! ఎడ్లబండ్ల ఇరుసులమ్మే కొట్టు నుంచి ఎదిగాడన్నది నిజమే. మాటలతో కోటలు కట్టగలడన్నదీ నిజమే. కానీ జన్మలో ఒక్క నట్టు బిగించి ఎరగడు. గేర్లు కుదిర్చినవాడు, పాత పంపుల తుక్కు కరిగించి నన్ను పోతపోసినవాడు మీరావలి మేస్త్రీ. పానకాలయ్య చేసిందల్లా మూడు రకాల ట్రాక్టర్లకు ముగ్గురు కొడుకుల పేర్లు పెట్టడం. మూడో కొడుకు లాగే మూడో ట్రాక్టరూ పొద్దున్నే లేచేది కాదు.

కంపెనీ పెట్టిన కొత్తలో ఒక ఏడు ఆయుధపూజకు మీరావలి నన్ను విప్పి, కడిగి, రెంచీలతో పాటు అమ్మవారి పటం ముందు పెట్టాడు. పసుపు రాశారు, బంతిపూలు వేశారు. ట్రాక్టర్‌కూ దండ వేసి గుమ్మడికాయ కొట్టారు. పూజలో పెట్టిన పనిముట్టును మర్నాడు ఉద్వాసన చెప్పేదాకా కదపకూడదని మావాళ్ళ నియమం. బాగానే ఉంది. అంతలో కబురొచ్చింది. మర్నాడు రావాల్సిన జిల్లా అధికారి ఆ మధ్యాహ్నమే రైతులను వెంటబెట్టుకుని వస్తున్నాడట, షెడ్డు వెనక మాగాణిలో ట్రాక్టర్ దమ్ము చేస్తుంటే చూడాలట.

మీరావలి నా దగ్గరికి వచ్చి చెయ్యి చాచాడు.

"ఆగరా! పూజలో కూర్చున్న ఇనుము అది. ముట్టుకుంటే కంపెనీకే అరిష్టం" అన్నాడు పానకాలయ్య.

"బురదలో ముక్కు లేస్తదండయ్యా. ఈ దిమ్మె లేకపోతే బండి మనిషి మీదకే తిరగబడుద్ది. రేపు రమ్మనండి."

"పెద్దమనిషిని రేపు రమ్మంటావా? మతి ఉందా నీకు?"

"మరి ట్రాక్టర్‌కి కూడా పూజ చేశాం కదండీ. దాన్నెట్టా కదుపుతాం?"

పానకాలయ్య అమ్మవారి పటానికి ఒక దణ్ణం పెట్టాడు. "అది వాహనం. వాహనం పూజయ్యాక నడిస్తేనే శుభం. పనిముట్ల సంగతి వేరు" అన్నాడు.

చూశారా, ఎంత అనుకూలమైన భక్తో! అమ్మవారు కూడా ఆయన దగ్గర జీతానికున్నట్టే మాట్లాడాడు. పండగని డ్రైవరు ఊరెళ్ళాడు. "నేనే నెమ్మదిగా తోలతాలెండి" అని మీరావలి ఎక్కాడు. నెమ్మదిగానే తోలాడు కూడా. గట్టు మీద అధికారి పక్కన నిలబడ్డ పానకాలయ్యకు ఆ నెమ్మది నచ్చలేదు. "గట్టిగా తొక్కరా, పరువు తీస్తావా!" అని అరిచాడు. చక్రాలు దిగబడ్డాయి, ముక్కు లేచింది, బండి వెల్లకిలా పడింది. మీరావలి దాని కింద ఉండిపోయాడు. నేను బంతిపూల కింద కూర్చుని ఉన్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

సాయంత్రానికల్లా మాట తయారైంది: మేస్త్రీ దిమ్మె బిగించడం మరచిపోయాడు. పోలీసులు అదే రాసుకున్నారు, పేపర్లో అదే పడింది. అదే షెడ్డులో పనిచేసే మీరావలి తమ్ముణ్ణి, ఆ మరపు రక్తంలోనే ఉంటుందని పనిలోంచి పంపేశారు. మిగతా షెడ్లవాళ్ళూ రానివ్వలేదు.

మీరావలి పోయిన నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థనలు అయ్యాక మీరావలి భార్య జాన్‌బీ వచ్చింది. "నాకేం వద్దయ్యా. ఆయన మర్చిపోలేదని నలుగురి ముందు ఒక్క మాట చెప్పండి చాలు" అంది.

"పోయినోడి మీద మాట పడితే నష్టమెవరికమ్మా? కంపెనీ మీద పడితే వందమంది పొట్టకొట్టినట్టు కాదూ?" అన్నాడు పానకాలయ్య. చెప్పి, కళ్ళు కూడా తుడుచుకున్నాడు. ఆ కళ్ళనీళ్ళంత కల్తీ సరుకు నేను కొలిమిలో కూడా చూడలేదు.

ఆయన సుఖంగా బతికి, సుఖంగా పోయాడు. మ్యూజియం కట్టారు. నా ముందు పలక పెట్టారు: 'మీరావలి అనే మేస్త్రీ మరపు వల్ల జరిగిన ప్రమాదంతో చలించిన స్థాపకులు, ప్రతి ట్రాక్టర్‌కూ ఈ దిమ్మెను తప్పనిసరి చేశారు.' కిందటేడు జాన్‌బీ వచ్చింది. ముసలిదైపోయింది. పక్కవాళ్ళ చేత పలక చదివించుకుని, అక్కడే నిలబడి గొడవ చేసింది. అంతా విన్నారు. పానకాలయ్య మనవడు మెత్తనివాడు, చేతులు జోడించి, "సరిచేయిస్తాం మామ్మా" అన్నాడు. చేయించాడు కూడా. కొత్త పలక వచ్చింది.

మొన్న ఆమె మళ్ళీ వచ్చింది. ఈసారి మనవడే స్వయంగా చదివి వినిపించాడు: 'ఒక మేస్త్రీ మరపు వల్ల జరిగిన ప్రమాదంతో…'

"మా ఆయన పేరేదయ్యా?" అంది జాన్‌బీ.

"మీరు బాధపడుతున్నారని తీసేయించాం మామ్మా."

"మరి మర్చిపోయాడన్నది?"

"అది చరిత్ర కదా మామ్మా. అదెలా తీస్తాం?"