మోకాళ్ల నూనె

అయినా ఆ మూడక్షరాలు పైకి చదవకుండా ఉంటే సరిపోయేది కదా, సీ, బీ, జీ, ఎంత గొప్పగా చదివింది, ఎదురు ఫ్లాట్ పిల్ల, శాంతిని, కరివేపాకు కోసం వస్తే ఆ చిన్న సీసా ఆమె ముఖం ముందు పెట్టి మరీ చదివింది మంగతాయారు, చూడమ్మా నాకు ఇంగ్లీషు కూడా వచ్చేసింది అని, లాక్‌డౌన్‌లో కూతురు సుస్మిత ఈ భోజనాల బల్ల దగ్గరే అఆలు దిద్దించింది, తర్వాత ఏబీసీడీలు, భర్త పోయిన పదేళ్లకి, అరవయ్యో ఏట, శాంతిని నవ్వబోయి ఆగింది, ఇదెక్కడిది ఆంటీ, కూతురు ఉద్యోగం చేసే ఈ దేశంలోనే, జొహోర్‌లో పుట్టిన తెలుగుపిల్ల, మందుల షాపులో పని, ఇది గంజాయి జాతి మొక్క నుంచి తీసేది ఆంటీ, ఇక్కడ దొరికితే జైలే లా, ఇక్కడివాళ్ల మాటల చివర ఆ లా ఒకటి.

గంజాయి ఏమిటి, గంజాయి అంటే రైల్వే స్టేషన్ బయట చిలుం పీల్చే సాధువుల ఎర్రకళ్లు, తను పడుకునేముందు నాలుక కింద నాలుగు చుక్కలు వేసుకునేది, అంతే, ఏ మైకమూ లేదు, మోకాళ్ల వాపు మాత్రం తీసేసినట్టుండేది, లేక అలా అనుకుందా, మత్తుండదు ఆంటీ, మత్తిచ్చేది వేరే, ఇది లేతమొక్కలో ఉంటుంది, మొక్క ముదిరేకొద్దీ మిగతావాటిగా మారిపోతుంది, అందుకే దీన్ని తల్లి అంటారు, వాపులకీ కంటి ఒత్తిడికీ పనికొస్తుందేమో అని ఇంకా పరీక్షలు చేస్తున్నారు, కానీ మన పోలీసులకి తల్లీ పిల్లా తేడా లేదు, శాంతిని వెళ్లిపోయింది, కరివేపాకు బల్ల మీదే మర్చిపోయింది, మత్తు లేనిదానికి జైలేమిటి, మందయితే దాచడమేమిటి, సుస్మిత బ్యాంకాక్‌లో ఉంది, ఆఫీసు పని, కంపెనీలు మనుషుల కోసం ఎగబడుతున్న రోజులు, నెలకో ఊరు తిప్పుతున్నారు, అక్కడ ఈ నూనె కొట్టుల్లో బాహాటంగా అమ్ముతారట, సాయంత్రం విమానం, నిన్న ఫోన్లో తనే అడిగింది, ఇంకో రెండు సీసాలు తేవే అని, తన నోటితోనే.

ఫోన్ చెయ్యాలి, వద్దని చెప్పాలి, పాపం పిల్లకి తెలియదు, తెలిస్తే తెస్తుందా, సీసా తిప్పి చూసింది, చీటీ మీద ఒకచోట బ్లేడుతో గీకేసిన తెల్లటి మచ్చ, ధర అనుకుంది ఇన్నాళ్లూ, చీర తెచ్చినా చెప్పులు తెచ్చినా అమ్మ తిడుతుందని ధర గీకేసే ఇస్తుంది సుస్మిత, కిటికీ దగ్గర వెలుగుకి పట్టి చూస్తే గీతల కింద పచ్చగా ఒక కొస, రంపపు పళ్లలాంటి అంచు, ధర కాదు, ఆకు, గంజాయి ఆకు గీకేసింది, అంటే తెలుసు, తెలిసే తెచ్చింది, సూట్‌కేసులో పెట్టుకుని, ఆ విమానాశ్రయంలో వాసన పట్టే కుక్కల ముందు నుంచి, ఈ కాళ్ల కోసం.

అలాంటిదానికి జైలు అని చెబితే ఏం లాభం, ఏం కాదులే అమ్మా అంటుంది, అది ఆగాలంటే ఒక్కటే మాట, నొప్పి లేదు అనాలి, అంటే మాత్రం నమ్ముతుందా, అమ్మ హలో అన్న గొంతుని బట్టే మోకాలి సలుపు ఎంతుందో చెప్పేస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే.

గొంతు అక్కర్లేదు. ఫోన్లో మెసేజ్ రాయొచ్చు. మొదటిసారి, ఎవరూ పక్కన లేకుండా, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, మోకాలు ఒక చేత్తో ఒత్తుకుంటూ రాసింది, నూనె తేకు, కాళ్లు బాగయ్యాయి, వెంటనే ఫోన్ మోగింది, సుస్మితే, మంగతాయారు ఎత్తలేదు, మోగనిచ్చింది, ఆగాక మళ్లీ రాసింది, వంటలో ఉన్నాను, నిజంగానే బాగయ్యాయి, ఇంత చక్కగా అబద్ధమాడటం తనకి నోటితో ఎన్నడూ చేతకాలేదు, ఈ అక్షరాలు నేర్పింది ఆ పిల్లే.