చిల్లుల అట్ట

నాకు ఇంగ్లీషు రాదు. పదో తరగతిలో ఆ ఒక్క సబ్జెక్టే నన్ను ముంచింది. అయినా పోయిన జూలై నుంచి మా బిడ్డ సుస్మిత రాసే నీట్ పేపర్లు దిద్దుతున్నది నేనే. అదెట్లా అని అందరూ నవ్వుతారు. నవ్వనీ. దిద్దడానికి ఇంగ్లీషు ఎందుకు, కళ్లుంటే చాలు.

సిరిసిల్లలో ఓ పవర్‌లూమ్ షెడ్డులో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాను. మా షెడ్డులో చీర అంచుకు డిజైన్ వేసే మగ్గాలు నాలుగున్నాయి. వాటి మీద చిల్లులు పొడిచిన అట్టలు తిరుగుతుంటాయి. చిల్లు ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. అంచు మీద నెమలి వచ్చినా పువ్వు వచ్చినా ఆ చిల్లుల వల్లనే. నీట్ జవాబుల కాగితం మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. నూట ఎనభై ప్రశ్నలు, ఒక్కో ప్రశ్నకు నాలుగు సున్నాలు, సరైన సున్నాను పెన్నుతో నల్లగా నింపాలి. ఇది మా పనే కదా అనుకున్నాను.

షెడ్డులో పారేసిన అట్టలు తెచ్చి, జవాబుల లిస్టు చూసుకుంటూ సరైన సున్నా ఉన్నచోటల్లా చిల్లు పొడుస్తాను. బిడ్డ నింపిన కాగితం మీద ఆ అట్ట పెడతాను. చిల్లులో నలుపు కనబడితే ఒప్పు, తెలుపు కనబడితే తప్పు. ఒప్పుకు నాలుగు మార్కులు కలపాలి, తప్పుకు ఒకటి తీసెయ్యాలి. మా బిడ్డ ఏ ప్రశ్నా వదిలిపెట్టదు కాబట్టి లెక్క తేలిక. పది నిమిషాల్లో అయిపోతుంది.

సుస్మితకు ఇది రెండో లాంగ్ టర్మ్, అంటే సీటు కోసం ఏడాదంతా మళ్లీ చదవడం. ఇంటర్ అయ్యాక మొదటిసారి రాస్తే సీటు రాలేదు. ఏడాది హైదరాబాద్ హాస్టల్లో పెట్టాం. సగం జుట్టు రాలగొట్టుకుని, టైఫాయిడ్ తెచ్చుకుని ఇంటికొచ్చింది. రెండోసారీ సీటు రాలేదు. ఈ ఏడు ఇంట్లోనే చదువుతోంది. ఇంటర్లో ఫిజిక్స్ చెప్పిన మహేందర్ సార్ మంచివాడు. వారం వారం ఓ పేపరూ దాని జవాబులూ నా ఫోనుకు పంపుతాడు, నేను జిరాక్స్ తీయిస్తాను.

ఆదివారం వస్తే మా ఇల్లు పరీక్ష సెంటర్ అవుతుంది. దానికి నా భార్య నాగవ్వే పెద్ద ఆఫీసర్. అసలు పరీక్షలో ఎట్లా చేస్తారో అట్లనే చేయాలని పట్టు పట్టింది. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు బిడ్డ కమ్మలు, ముక్కుపుల్ల, జుట్టు క్లిప్పు అన్నీ తీయించి డబ్బాలో పెడుతుంది. రెండు కొట్టగానే మధ్య అర్ర తలుపు దగ్గరికేసి, బీడీల చాట ఒళ్లో పెట్టుకుని గడప బయట కూర్చుంటుంది. బీడీలు చుడుతూనే తలుపు సందులోంచి ఓ కన్ను లోపల వేసి ఉంచుతుంది. పక్కింటి టీవీ గట్టిగా మోగితే ఇక్కడి నుంచే కేకేస్తుంది, ఆ కేకకు మాత్రం బిడ్డ చదువు చెడదట. ఒక ఆదివారం నేను షెడ్డు నుంచి వచ్చి మంచినీళ్లకని లోపలికి పోబోతే కాలు అడ్డం పెట్టింది.

“రెండయింది. గేటు మూసిన,” అంది.

“నేనేమన్న పరీక్ష రాస్తున్ననా?”

“ఎవ్వరైతేంది. నిమిషం లేటయినా పోనియ్యరు.”

పక్కింట్లో తాగాను నీళ్లు.

అయిదింటికి కాగితం నా చేతికొస్తుంది. నేను లెక్క చెప్పగానే నాగవ్వ గోడ మీది క్యాలెండర్లో ఆ ఆదివారం గడిలో మార్కులు వేస్తుంది. జూలైలో మూడు వందల తొంభై. దసరాకు నాలుగు వందల నలభై. సంక్రాంతి దాటాక నాలుగు వందల అరవై అయిదు. ఆ రోజు ముగ్గురం మిర్చి బజ్జీలు తిన్నాం. బీడీల కార్ఖానాలో చిన్నవ్వ అనే ఆమె నాగవ్వను చూడగానే, “డాక్టరమ్మ తల్లి వచ్చింది, జరగుండ్రి జరగుండ్రి,” అంటుందట. అది ఎగతాళో మెచ్చుకోలో నాకిప్పటికీ తెలియదు. నాగవ్వ మాత్రం మెచ్చుకోలు కిందే జమ వేసుకుంది.

ఫిబ్రవరిలో మార్కులు నాలుగు వందల ముప్పైకి దిగాయి. మార్చిలో నాలుగు వందల అయిదు. నేను కోప్పడ్డాను. నాకు కోపం తొందర. పరీక్ష మే నెలలో పెట్టుకుని ఈ పరధ్యానం ఏందని అరిచాను. మహేందర్ సార్‌కు ఫోన్ చేస్తే, “ఓదెలన్నా, పిల్లను తిట్టకు. కాలేజీలకు తీస్కపోయి చూపియ్యి. తెల్లకోట్లు ఏస్కున్న పిల్లలను చూస్తే పట్టుదల వస్తది,” అన్నాడు.

సరే అని మొదట సిరిసిల్లలోనే మెడికల్ కాలేజీకి ఆటోలో తీసుకుపోయాను. గేటు ముందర నిలబెట్టి బోర్డు పడేటట్టు ఫోటో తీశాను. ఆవులిస్తూ ఉండగా పడింది ఫోటో. మళ్లీ తీస్తే మళ్లీ ఆవులించింది. తర్వాతి వారం జగిత్యాల. బస్సు వేములవాడ దాటేసరికి నా భుజం మీద తల వాల్చింది. మల్యాల వచ్చిందీ తెలియదు, పోయిందీ తెలియదు. జగిత్యాలలో తట్టి లేపాను. అక్కడ కాలేజీ ముందర తెల్లకోట్ల పిల్లలు చాయ్ తాగుతున్నారు. వాళ్లను చూస్తే నా కడుపు నిండినట్టయింది. “చూసినవా బిడ్డా?” అంటే “చూసిన బాపు, పోదామా,” అంది. తిరుగు బస్సులోనూ నిద్రే.

ఆ తర్వాత కోరుట్ల. అక్కడున్నది పశువుల డాక్టర్ల కాలేజీ, దానికీ నీట్ ర్యాంకే కావాలి. మనుషులకు కాకపోతే బర్లకన్నా డాక్టర్ అవుతుందని నా ఆశ. రుద్రంగి, కథలాపూర్ మీదుగా పోయే బస్సులో దారి పొడుగునా పడుకుంది. కాలేజీ ముందర పది నిమిషాలు నిలబడ్డాం. వచ్చేటప్పుడు బస్టాండులో తనంతట తనే అడిగింది.

“బాపు, గిట్లాంటి కాలేజీ ఇంకోటి ఏడన్న ఉన్నదా? జర దూరముండాలె.”

నా సంబరం ఏం చెప్పను. మహేందర్ సార్ చెప్పిన పట్టుదల ఇదే అనుకున్నాను. ఇంటికి రాగానే నాగవ్వతో గొప్పగా చెప్పాను. “దూరమైన కాలేజీలు కూడా చూస్తనంటుంది,” అన్నాను. నాగవ్వ ఆ రాత్రి గుడ్లు వండింది.

ఏప్రిల్లో రెండో ఆదివారం. ఎప్పటిలాగే అయిదింటికి నాగవ్వ కాగితం తెచ్చి ఇచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

“ఇయ్యాల బిడ్డ తల ఎత్తలేదు తెలుసా? మూడు గంటలు వంచిన తల వంచినట్టే ఉన్నది. గట్ల రాస్తె రాకేమైతది?”

నేను అట్ట పెట్టి లెక్కపెట్టాను. నలుపు డెబ్బై. మళ్లీ పెట్టాను. డెబ్బై. అంటే రెండు వందల ఎనభైలోంచి నూట పది పోను నూటడెబ్బై మార్కులు. అట్ట జరిగిందేమో అనుకున్నాను. వేరే పేపరు జవాబులు పొడిచానేమో అని లిస్టు తీసి చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అట్ట పక్కన పెట్టి, బిడ్డ కాగితాన్ని మొదటిసారి ఊరికే చూశాను.

అంచు కనబడింది.

అరవయ్యో ప్రశ్న దాకా నల్లచుక్కలు ఎక్కడపడితే అక్కడున్నాయి. అరవై ఒకటి నుంచి నింపిన సున్నాలు వరసగా ఒకటి, రెండు, మూడు, నాలుగు, మూడు, రెండు, మళ్లీ ఒకటి. ఎక్కుతూ దిగుతూ, ఎక్కుతూ దిగుతూ, కాగితం చివరిదాకా ఒకటే అల. మా షెడ్డులో చవక చీరలకు వేస్తామే, అచ్చం ఆ అంచు. ఇరవై రెండేళ్లుగా అంచులో తప్పు వెతకడమే నా పని. ఈ అంచులో ఒక్క తప్పూ లేదు.

కోపం వచ్చింది, అబద్ధమెందుకు. ఇంత చేస్తే నాకు అంచు వేసి చూపిస్తుందా అనుకున్నాను. కాగితం పట్టుకుని అర్రలోకి పోయాను. సుస్మిత గోడకు చేరగిలబడి ఉంది. చెంప మీద, కాగితం కింద పెట్టుకుని రాసే అట్ట గుర్తులు. ఆ అట్ట క్లిప్పు గీత నుదుటి మీద పడింది. ఆ గీత చూశాక నా నోట్లోంచి కోపం మాట రాలేదు.

“అంచు ఏసినవు గదా బిడ్డా,” అన్నాను.

కాగితం వైపు చూసింది, నా వైపు చూసింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

“నువ్వు చిల్లులే చూస్తవనుకున్న బాపు,” అంది.

నిజమే. ఇన్ని నెలలుగా నేను చూసింది చిల్లులే. ఆ మాటకు నాకు సిగ్గేసింది.

“అరవై దాక చేసిన. తర్వాత కండ్ల ముంగట అక్షరాలు నిలుస్తలేవు. అన్ని నింపేసి పండుకున్న. తల వంచి పండుకుంటె అమ్మకు రాస్తున్నట్టే కనబడ్తది.”

“ఎన్ని దినాలసంది?”

“ముందుగాల చివర్ల ఓ ఇరవై గట్ల నింపేది. తర్వాత ఎక్కువయినయ్.”

“మరి కాలేజీలు? ఇంకోటి దూరంది చూపియ్యమంటివి గదా?”

“బస్సుల నిద్రపడ్తది బాపు. ఇంట్ల కన్ను మూస్తె అమ్మ చూస్తది, నువ్వు చూస్తవు. బస్సుల ఎవ్వరు ఏమనరు.”

షెడ్డులో పోగు తెగితే మగ్గం దానంతట అదే ఆగుతుంది. లేకపోతే గుడ్డంతా చెడుతుంది. మా ఇంట్లో మాత్రం తెగిన పోగుతోనే నేనూ నాగవ్వా మూడేళ్లుగా నడిపిస్తూనే ఉన్నాం.

“ఎన్నచ్చినయ్?” అంటూ పెన్ను పట్టుకుని నాగవ్వ తలుపు దగ్గరకొచ్చింది.

అబద్ధం చెబుదామనుకున్నాను. నాలుగు వందలని ఓ మాట అనేస్తే క్యాలెండర్ నిండేది. కానీ సుస్మిత నా ముఖంలోకే చూస్తోంది. నాగవ్వను కూర్చోబెట్టి, ఆమె వేలు పట్టుకుని ఆ చుక్కల మీద నడిపించాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, మూడు, రెండు. రెండు వరుసలు పోయేసరికి ఆమె వేలు ఆగిపోయింది.

“మరి తల ఎత్తలేదు గదా...” అని, మాట మధ్యలోనే ఆపేసింది. అర్థమైంది.

నాగవ్వ నోట్లోంచి వచ్చిన మొదటి మాట, “కార్ఖానాల ఏమని చెప్పాలె?” అన్నది. అన్నాక తనకే బాధ అనిపించిందేమో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డబ్బాలోంచి కమ్మలు తీసి బిడ్డ చేతిలో పెట్టి, చాట దగ్గరికి పోయింది. ఆ ఆదివారం గడి ఖాళీగానే ఉంది.

మర్నాడు నేను షెడ్డుకు పోలేదు. పొద్దున్నే సుస్మితతో, “పా, కోరుట్లకు పోదాం,” అన్నాను.

“కాలేజీ చూసినం గదా బాపు.”

“కాలేజీకి కాదు. బస్సుకు.”

చెప్పులు వేసుకుంటుంటే వెనక చాట కింద పెట్టిన చప్పుడైంది. “నేను గూడ వస్త,” అంది నాగవ్వ. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయినప్పటి నుంచి ఆమె ఎక్కడికైనా ఊరికే పోవడం ఇదే మొదలు. బీడీల లెక్క ఆగుతుందని నేనన్లేదు, ఆమె అనలేదు.

ముగ్గురు కూర్చునే సీటు దొరికింది. కిటికీ పక్కన సుస్మిత, ఇటు నాగవ్వ, మధ్యలో నేను. వేములవాడ రాకముందే బిడ్డ తల నా కుడి భుజం మీదికి వచ్చింది. రుద్రంగి దగ్గర ఎడమ భుజం మీద బరువు పడితే చూశాను. నాగవ్వ నోరు కొంచెం తెరిచి నిద్రపోతోంది. పెళ్లయి ఇన్నేళ్లయినా పగటిపూట ఆమె నిద్రపోగా నేను చూడలేదు. పొగాకు అంటి పచ్చబడిన వేళ్లు ఒళ్లో ఇంకా ఏదో చుడుతున్నట్టు కదులుతున్నాయి.

కోరుట్లలో అందరూ దిగారు. కండక్టర్ వచ్చి, “దిగుండ్రి, లాస్ట్ స్టాపు,” అన్నాడు.

“మేం దిగం అన్నా. ఈ బస్సు మళ్ల సిరిసిల్లకే గదా?”

“పావుగంట ఆగి పోతది. మరి గిక్కడ పనేం లేదా?”

“అయింది,” అన్నాను.

అతను రెండు తలల వైపు చూశాడు. గొంతు తగ్గించి, “తర్వాత ఇస్త టికెట్లు,” అని దిగి చాయ్‌కి పోయాడు.

తిరుగు దారిలో కథలాపూర్ దాటాక సుస్మిత కళ్లు తెరిచింది. నా భుజం మీది నుంచి తల ఎత్తకుండానే మెల్లగా మాట్లాడింది.

“బాపు, మే నెల పరీక్ష రాస్త. వచ్చిన కాడికి వస్తది. రాకపోతే ఇక్కడ్నే డిగ్రీల చేరుత. మూడో లాంగ్ టర్మ్ మాత్రం నాతోని కాదు.”

“మంచిది బిడ్డా,” అన్నాను. ఇంత చిన్న మాట అనడానికి నాకు ఇన్ని రోజులు పట్టింది.

“అమ్మకు నువ్వే చెప్పు.”

ఎట్లా చెప్పాలా అని ఎడమవైపు చూశాను. నాగవ్వ తల నా భుజం మీదే ఉంది, కళ్లు మూసే ఉన్నాయి.

“చెప్పుడెందుకు, విన్న,” అంది నాగవ్వ, కళ్లు తెరవకుండానే. “సిరిసిల్ల ఇంకా చానా దూరమున్నది. పండుకో.”