పూసను వదిలిన లోహం

కొర్రా రమణిది బొర్రా స్టేషన్‌కి పైనున్న కొండవాలు ఊరు. విశాఖలో కెమిస్ట్రీ పీహెచ్‌డీకి చేరిన కొత్తలో ఆమెతో కలిసి అన్నం తిన్న మనిషి జయశ్రీ ఒక్కతే. జయశ్రీ విజయనగరం దగ్గరి రైతుల ఇంటి పిల్ల, ల్యాబులో సీనియర్. హాస్టల్లో ఇద్దరిదీ ఒకటే గది. రమణి యాసకి ఎవరైనా నవ్వబోతే జయశ్రీ ఒక్క చూపుతో ఆపేసేది.

జయశ్రీ పని పల్లాడియంతో. గసగసాల్లాంటి పాలిమర్ పూసల మీద ఆ లోహాన్ని కంటికి ఆనని రేణువులుగా నిలిపేది. తెల్లటి పూసలు నల్లబడేవి. ఒక అణువులోని కార్బన్‌ని ఇంకో అణువులోని కార్బన్‌తో కలపాలంటే ఆ పూసలు వేసి వేడి చెయ్యాలి. పని అయ్యాక వడగట్టి, కడిగి, మళ్ళీ వాడుకోవచ్చు. అలా తయారు చేసిన మందులో లోహం మిగలదు. లోహం పూసను వదలదన్న ఒక్క మాట మీదే జయశ్రీ థీసిస్ నిలబడి ఉంది.

2003 చలికాలం మొదట్లో గైడ్ దేవీప్రసాద్ గారు అవే పూసలు రమణికిచ్చి, వేరే పదార్థాలతో చేసి చూడమన్నారు. రియాక్షన్ సగంలో ఉండగా ఆమె వేడివేడిగా వడగట్టింది. పూసలన్నీ కాగితం మీద ఉండిపోయాయి. కిందకి తేట ద్రవం దిగింది. అందులో లోహం లేకపోతే పని అక్కడితో ఆగిపోవాలి. దాన్నే మళ్ళీ హీటరు మీద పెట్టింది. కాసేపాగి చూస్తే ఆగలేదు. కొత్త పదార్థం తయారవుతూనే ఉంది.

ఇంకోసారి చేసినా అంతే. వేడికి లోహం పూసను వదిలి ద్రవంలోకి దిగుతోంది. చల్లారాక చాలామటుకు తిరిగొచ్చి పూసకి అంటుకుంటోంది. అందుకే ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియలేదు.

సార్ కంటే ముందు జయశ్రీకే చెప్పింది.

"అక్కా, వడగట్టేసినా రియాక్షన్ జరుగుతోంది."

"పూసలు జారుంటాయి. కాగితం చూసుకున్నావా?"

"సన్న కాగితంతో కూడా చేశానక్కా."

జయశ్రీ చేతిలో గిన్నె కడగడం ఆపేసింది. "సంక్రాంతి వెళ్ళాక థీసిస్ ఇచ్చేస్తున్నాను రమణీ. తెలుసు కదా. అది అయ్యాక చూద్దాం."

రమణి ఆ రాత్రీ మర్నాడూ అదే ఆలోచించింది. ఈ పూసలతో ఎవరో మందు చేస్తారు, లోహం లేదనుకుని ఎవరో మింగుతారు. ఆ తర్వాత సార్ గదికి వెళ్ళి చెప్పింది. ఆయన జయశ్రీని పిలిచి, తన ఎదుటే చెయ్యమన్నారు. అదే ఫలితం వచ్చింది. థీసిస్ ఆగిపోయింది.

జయశ్రీ తిట్టలేదు. మధ్యాహ్నం క్యారేజీ తెరవబోయి ఆగి, "మీరు తినెయ్యండి. నేను తర్వాత తింటాను," అంది. ఆ 'మీరు' విన్నాక రమణి తన క్యారేజీకి మూత పెట్టేసింది. వారం తిరక్కుండానే జయశ్రీ గది మారిపోయింది.

కాఫీ పళ్ళు కోసే రోజులు. రమణి పొద్దుటి పాసింజరెక్కి ఇంటికొచ్చింది. తండ్రి సుక్రు తోటలో ఉన్నాడు.

"ఏటమ్మా, సెలవులిచ్చీసినారా?"

"లేదయ్యా. ఊరికే వచ్చాను."

పక్కన నిలబడి పళ్ళు కోస్తూ జరిగింది చెప్పింది. పూసల సంగతి సుక్రుకి అందలేదు. కొమ్మ వంచి పట్టుకుని, "ఆ జయశ్రీ గుంట నీతో మాటాడతందా?" అని అడిగాడు.

"లేదు."

"నువ్వు సెప్పింది అబద్దమేటి?"

"కాదు."

అతను కొమ్మ వదిలి పక్క మొక్క దగ్గరికి నడిచాడు. మంచిపని చేశావంటాడేమోనని రమణి చాలాసేపు చూసింది. అతను పళ్ళు కోస్తూనే ఉన్నాడు. మర్నాడు స్టేషన్‌లో ఉడికించిన చిలగడదుంపల పొట్లం ఆమె చేతిలో పెట్టి, రైలు కదిలేదాకా నిలబడ్డాడు.

తిరిగొచ్చాక రమణి పూసనే మార్చే పనిలో పడింది. లోహాన్ని గట్టిగా పట్టుకునే నైట్రోజన్ కొమ్మలు పాలిమర్‌కి తగిలించాలని చూసింది. చాలా పూసలు పాడయ్యాయి. ఎండలు ముదిరాయి. ల్యాబులో పనికి సంబంధించిన మాటలు తప్ప ఆమెతో ఎవరూ మాట్లాడేవారు కాదు.

ఒకరోజు వడగట్టిన ద్రవం ఎంత వేడిచేసినా ఉన్నట్టే ఉండిపోయింది. రమణి చుట్టూ చూసింది. దాని విలువ తెలిసిన మనిషి ఆ గదిలో ఒక్కతే ఉంది.

"ఆగింది," అంది, జయశ్రీ బల్ల దగ్గరికి వెళ్ళి.

జయశ్రీ తలెత్తింది. "ఎంతసేపు చూశారు?"

"పొద్దున్నుంచీ."

"నాకు కొన్ని ఇవ్వగలరా?"

రమణి సీసాలో సగం పంచి ఇచ్చేసింది.

ఆ పూసలతో జయశ్రీ పనంతా మొదటినుంచీ చేసుకుంది. కొత్త పూసలు రమణివని థీసిస్‌లో రాసింది. మరుసటి ఏడు వైవా అయిన రోజు అటెండరు మంగరాజు కాగితంలో మైసూర్‌పాక్ ముక్క తెచ్చి రమణి బల్ల మీద పెట్టాడు.

"జయశ్రీ మేడం ఇమ్మన్నారమ్మా. ఐదరాబాదులో ఉజ్జోగమంట."

"ఎక్కడున్నారు?"

"కిందకి దిగీసినారు. ఆటో వచ్చీసింది."

రమణి గుమ్మం దాకా వెళ్ళింది. వెనక ఫ్లాస్కులో రియాక్షన్ అప్పుడే వేడెక్కుతోంది. దాన్ని వదిలి వెళ్ళకూడదని తనకు తనే చెప్పుకుని, వెనక్కి వచ్చి స్టూలు మీద కూర్చుంది.