గిటారు మెడ, ఇంటి గడప

ఆ వీధిలో గిటార్లు చేసే ఆవిడని అందరూ కొలతలమ్మ అంటారు. టీలో పంచదార కూడా చెంచా అంచుకి గీసి వేసే మనిషి మరి. పొద్దున్నే ముందు గదిలో బల్ల ముందు కూర్చుని చిత్రిక పట్టడం మొదలుపెడుతుంది. వెనక గదిలో ఆవిడ భర్త తయారైన గిటార్లకి పాలిష్ పడతాడు. అత్తగారు కిటికీ పక్కన కుర్చీ వేసుకుని ఇద్దరి పనికీ వంకలు పెడుతుంది. ఇంటికి ఉన్నది ఒకటే వాకిలి, అది ఆ ముందు గదిలోనే ఉంది.

ఆ వాకిలి గడప సంగతి తెలియనివాళ్ళు లేరు. కొత్త గిటారుకి తీగలు కట్టగానే, అవి గిటారు మెడ మీది లోహపు మెట్లకి సరైన ఎత్తులో ఉంటే గడప బెత్తెడు ఉంటుంది. తీగలు ఎత్తైతే గడప లేస్తుంది, తగ్గితే దిగుతుంది. తీగలు విప్పేస్తే మాత్రం మారదు. తప్పు సరిచేసి మళ్ళీ కట్టాల్సిందే. ఒకసారి తీగలు మరీ కిందికొచ్చి గరగరమన్నప్పుడు గడప నేలలో కలిసిపోయి వాన నీళ్ళు గదిలోకి వచ్చాయి. కొలతలమ్మ నీళ్ళు ఎత్తిపోసి, తీగల్ని ఎత్తి పట్టే ఎముక ముక్క తీసి ఎత్తైనది పెట్టింది. పోస్టు తెచ్చే ఆయన రోజూ ముందు కిందికి చూసి, తర్వాత అడుగు వేస్తాడు.

ఆ శనివారం పొద్దున కొత్త గిటారుకి తీగలు కట్టేసరికి గడప మోకాలి ఎత్తుకి లేచింది.

అత్తగారి మొహం మాడిపోయింది. గుడి మెట్ల మీద జారి పడ్డప్పటి నుంచి ఆవిడ కుడి కాలు బెత్తెడు కంటే ఎక్కువ లేవదు. మామూలు రోజుల్లో అది చాలు. ఆవిడ వెళ్ళేది వీధి చివర గడియారాలు బాగుచేసే ఆయన కొట్టుకే. శుభ్రంగా నడిచే గడియారాన్ని నెలకోసారి రిపేరుకని పట్టుకెళ్ళేది. ఆయనా దాన్ని వారం రోజులు ఉంచుకుని, అవసరం లేని నూనె వేసి తిరిగిచ్చేవాడు. కొలతలమ్మ ఇదంతా చూసి నవ్వుకునేది. భర్త చూడనట్టు ఊరుకునేవాడు.

ఆ మధ్య గడియారాలాయన కొట్టు ఎత్తేసి చెల్లెలి ఊరికి వెళ్ళిపోవాలనుకున్నాడు. బస్సు ఆదివారం మధ్యాహ్నం. వెళ్ళేముందు అత్తగారికి ఆవిడ కొడుకు చేతే కబురు పంపాడు. మీ అమ్మగారు వచ్చి ఉండమంటే ఉంటాను, పెళ్ళి చేసుకుంటాను, నేను మీ గుమ్మంలోకి వచ్చి అడిగితే మొహమాటానికి ఔనంటారేమో, ఆవిడంతట ఆవిడ రావాలి అన్నాడు. భర్త మొహం ముడుచుకుని ఆ కబురు చెప్పినప్పుడు కొలతలమ్మ గిటారు మెడని ఒంటికి అతికిస్తోంది. గిటారుని బోర్లా పడుకోబెట్టి అతికిస్తారు. అప్పుడు మెడ కింద పల్చటి చెక్కపేడు ఒకటి పెట్టాలి. లేకపోతే మెడ తీగల వైపు ఒంగిపోతుంది. కొలతలమ్మ సంతోషంలో చెక్కపేడు మర్చిపోయి జిగురు రాసేసింది. ఇన్నేళ్ళలో ఎన్నడూ చెయ్యని తప్పు. ఔననాలని తేల్చుకోవడానికి అత్తగారికి ఆ శనివారం దాకా పట్టింది, బస్సు మర్నాడే.

ఇప్పుడు ఏం చెయ్యాలో చెప్పడానికి భర్త ముందుకొచ్చాడు. ఎముక ముక్క ఇంకాస్త అరగదియ్యమన్నాడు. అరగదియ్యడానికి అక్కడ ఏం మిగల్లేదని, ఇంకా దించితే గిటారు గొంతు పోతుందని ఆవిడంది. మెడ ఊడదీసి అతికించడం ఈ రకం గిటారుకి కుదరదు. మెడా ఒళ్ళూ ఒకటే. పోనీ అమ్మని ఎత్తి అవతల దింపుతానని భర్త అన్నాడు గానీ, ఆ మాటలో ఉత్సాహం లేదు.

"బీరువాని మోసినట్టు మోయించుకుని వెళ్ళి ఔనని చెప్పాలా? అక్కర్లేదు," అంది అత్తగారు.

కొలతలమ్మ చీర కొంగు దోపుకుంది. తీగలు విప్పింది. మెట్లన్నీ వేడి చేసి ఒక్కోటి పీకి వరసగా పెట్టింది. మెడ మీది నల్ల చెక్క పట్టీని తల వైపు పల్చబడేలా, ఒంటి వైపు ఏమాత్రం తగ్గకుండా చిత్రిక పట్టసాగింది. మెడ వంగినంతా ఆ పట్టీలో సర్దుకోవాలి. తప్పు చేసింది తనే గనక దాని లోతు తనకే బాగా తెలుసు.

పని సగంలో ఉండగా భర్త వచ్చి పక్కన నిలబడ్డాడు. కాసేపు నల్లటి పొట్టుని కాలితో పక్కకి నెట్టాడు.

"అమ్మ వెళ్ళిపోతే ఈ ఇంట్లో నన్ను తిట్టేవాళ్ళే ఉండరు," అన్నాడు.

"ఆ లోటు నేను రానిస్తానా? ఆ చిన్న రంపం ఇలా అందుకోండి," అంది కొలతలమ్మ.

రంపం అందించాడు. తర్వాత మెట్లు కూర్చునే గాట్లు లోతు చెయ్యడానికి తనే కూర్చున్నాడు. తల్లి మీద బెంగ ఉంది, భార్య పని మీద గౌరవమూ ఉంది. చేతులు రెండోదాని మాట విన్నాయి.

ఆదివారం ఎండెక్కేసరికి మెట్లు మళ్ళీ దిగాయి. కొలతలమ్మ ఆరు తీగలూ కట్టి శ్రుతి చేసింది. పన్నెండో మెట్టు మీద స్కేలు నిలబెట్టి చూసింది. వాకిట్లో గడప కిర్రుమంటూ దిగి బెత్తెడు దగ్గర ఆగింది.

అత్తగారు ఇస్త్రీ చీర కట్టుకుని కర్ర పట్టుకుని లేచింది. ఆవిడ మొహంలో భయం చూసి కొలతలమ్మ గిటారుని మళ్ళీ బల్ల మీదికి తీసింది. ఎముక ముక్క మార్చి గడపని నేలమట్టం చేసెయ్యనా, క్షణంలో పని అంది.

"వద్దమ్మాయ్. నీ గిటారు గరగరలాడుతుంది. అయినా నాకు దాటినట్టుండాలి."

ఎడమ కాలు అవతల పడింది. కుడి కాలు గడపకి తగిలి ఆగింది. ఇద్దరూ చేతులు చాచారు గానీ ముట్టుకోలేదు. కాలు మెల్లగా లేచి, గడపని రాసుకుంటూ అవతలికి వెళ్ళింది. అత్తగారు వీధిలో నిలబడి చీర సర్దుకుంది. వీధి చివర గడియారాల కొట్టు తలుపు ఇంకా సగం తెరిచే ఉంది.

ఆవిడ వెనక్కి తిరిగి కొడుకు వంక చూసింది.

"సాయంత్రం ఆయన్ని తీసుకొస్తాను. ఆయనకి మోకాళ్ళ నొప్పులు. దీన్ని ఇంతకంటే లేపకండి."

నిన్నటి నుంచి తల్లితో ఒక్క మాట కూడా మాట్లాడని కొడుకు గడప దాకా వచ్చాడు.

"అలాగే," అన్నాడు. "వెళ్ళి రా అమ్మా."