నెగెటివ్ వచ్చింది

నలభైమందికి బిర్యానీ అంటే అల్లం వెల్లుల్లే కిలోన్నర నూరాలి. క్యాన్సరు గడ్డ ఉందని ఎడమ కిడ్నీ తీసేసి ఏడు వారాలైన అబిగయీలు పీట మీద కూర్చుని వెల్లుల్లి వలుస్తోంది. వంగితే కుట్లు లాగుతున్నాయి. వంటమనిషిని పెడదామంటే మొగుడు బెన్హరు ఒప్పుకోలేదు. నీ చేతి వంటైతేనే కృతజ్ఞత కూడికకి అందం అన్నాడు. వినడానికి పొగడ్తే, నడుం విరిగేది మాత్రం ఆమెది.

ఇంతకీ కూడిక దేనికంటే, రిపోర్టులో నెగెటివ్ వచ్చింది. తీసిన కణితిలో బాప్-వన్ అనే ప్రొటీను ఉందో లేదో చూసే పరీక్ష అది. కరోనా వచ్చిపోయినప్పటి నుంచి జనానికి నెగెటివ్ అంటే గండం గడిచినట్టే. బెన్హరు ఫోనులో ఆ ఒక్క మాట చదివి తోటపల్లి గూడూరంతా చాటాడు. సోమవారం నెల్లూరులో చేయించాల్సిన స్కానింగు కూడా ఇక దండగని మాన్పించాడు.

అబిగయీలు పద్నాలుగేళ్లుగా నెల్లూరు ల్యాబులో అలాంటి స్లైడులకే రంగు పట్టిస్తోంది. తోటి పనిచేసే సుభాషిణిని బతిమాలి తన స్లైడు తనే చూసుకుంది. ఆ ప్రొటీను ఉంటే కణాలు గోధుమరంగుకు తిరగాలి. తిరగలేదు. కణితికి కళ్ళెం వేసే ప్రొటీను అది. అది లేని కణితి తిరగబెట్టే అవకాశం ఎక్కువని ఆమెకు తెలుసు. పైకి చెబితే నిజమైపోతుందేమోనని భయపడింది. ఎవరైనా అడిగితే చెబుదామని కూడా చూసింది. కూరలో ఉప్పు తగ్గితే సంజాయిషీ అడిగే ఇల్లు అది. నెగెటివ్ అంటే ఏమిటని పదిరోజుల్లో ఒక్కరూ అడగలేదు. అత్త రెబెక్కమ్మయితే, నెగిటివ్ వచ్చినాక ఇంకా ఆ మూలుగుడేంది మే అంది. అబిగయీలుకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

కూడికలో పాటలయ్యాక పాస్టరు జ్ఞానప్రకాశం దేవుడు చేసిన మేలుకు ఆమెను సాక్ష్యం చెప్పమన్నారు. చేతులు కొంగుకు తుడుచుకుని వంటింటి గుమ్మంలోనే నిలబడింది.

"నెగిటివ్ అంటే జబ్బు పోయిందని కాదయ్యగారూ. జబ్బుని ఆపే ప్రొటీను ఆ గడ్డలో లేదని. మళ్ళీ వచ్చేదానికే అవకాశం ఎక్కువ. సోమవారం స్కానింగుకి నేను పోతుండా."

బెన్హరు తల దించుకున్నాడు. రెబెక్కమ్మ గొంతు తగ్గించి, "ఈ మాట అన్నాలు తిన్నాక చెప్పుంటే ఏం పోయేది మే? బిర్యానీ చల్లారిపోతుండాది," అంది.

అబిగయీలు వచ్చినవాళ్ళ మధ్య ఖాళీ కుర్చీ చూసుకుని కూర్చుంది.

"అయితే వడ్డించు అత్తా," అంది. "ముందు నాకు."