కూర తీశాకే పాట

మా ఆయన అప్పలసూరి దోహా వెళ్ళి అప్పటికి నాలుగు నెలలైంది. ఆ నాలుగు నెలల్లో చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది. ఫోన్ చేస్తే చాలు, ఒకటే గోల.

"వచ్చెస్తాను సిన్నతల్లీ. నాకిక్కడ పడతన్నాది కాదు."

రెండేళ్ళు నిండకుండా వస్తే కంపెనీ పెట్టిన వీసా ఖర్చు మేమే కట్టాలి. వెళ్ళిందేమో పడవకు ఇంజను కొనడానికి. ఇంజను మాట దేవుడెరుగు, ఉన్న పడవే అమ్ముకోవాల్సి వస్తుంది. ఆ సంగతి విడమరిచి చెప్తే "ఊఁ" అంటాడు. మర్నాడు మళ్ళీ మొదటికే వస్తాడు. ఎందుకయ్యా అంటే ఒకరోజు ఎండ అంటాడు, ఒకరోజు ఫోర్‌మన్ అంటాడు. పుట్టిన దగ్గర్నుంచి సముద్రం మీద మాడిన మనిషికి కొత్తగా ఎండేమిటి? నాకు ఒళ్ళు మండిపోయేది.

పోనీ డబ్బు చాలక అవస్థ పడుతున్నాడా అంటే అదీ కాదు. వెళ్ళేముందే నేనూ, మా అత్త గున్నమ్మా, దోహాలో చాలా ఏళ్ళు చేసి వచ్చిన పాతపట్నం జగన్నాధం గారూ కూర్చుని నెల ఖర్చు లెక్కేశాం. బియ్యం, పప్పు, నూనె, గ్యాసులో వాటా, సబ్బులు, ఫోన్ రీచార్జి, చివరికి జుట్టు కత్తిరింపు కూడా వదల్లేదు. మిగిలింది ఇంటికి. మా ఆయన అనుకున్న దానికన్నా ఎక్కువే పంపుతున్నాడు. మా అత్తకైతే కాళ్ళు నేల మీద ఆనడం లేదు. "నా కొడుకు, నా గుంటడు, పైసా పారీడు" అని వీధంతా చెప్పుకొచ్చింది.

శుక్రవారం అక్కడ సెలవు. ఆ రోజు వీడియోలో మొహం చూపించాడు. బుగ్గలు లోపలికి పోయి, కళ్ళు పీక్కుపోయి ఉన్నాడు. భయమేస్తే నాకు ముందు కోపమే వస్తుంది.

"ఏటి తిన్నావు?"

"పప్పు."

"నిన్న?"

"పప్పే."

"మరి సేపో?"

"నువ్వు కట్టిన ఎండు నెత్తళ్ళు మొదటి నెల్లోనే అయిపోనాయి కదే. సేపంటే కొనాలి."

"కొను!"

"డబ్బెట్టి సేపలు కొంటారేటే? మనోలింటే నవ్విపోరా?"

అంత లెక్క వేశామా, అందులో చేప లేదు!

ఎలా ఉంటుంది? పడవ ఒడ్డుకు రాగానే, వేలం పాట మొదలెట్టకముందే, వేటకెళ్ళిన ప్రతివాడికీ కూరకని నాలుగు చేపలు తీసి పక్కన పెడతారు. దాన్ని కూర తియ్యడం అంటారు. ఆ తర్వాతే పాట. అప్పిచ్చినవాడు ఒడ్డున కాచుకుని ఉన్నా కూర జోలికి రాడు. అలాంటి ఇంట్లో చేప కూడా ఒక ఖర్చని ఎవరికి తోస్తుంది? జగన్నాధం గారికీ తోచలేదు. ఆయన రైతు, పప్పుంటే చాలు. కానీ మా ఆయనకు చేప లేని ముద్ద గొంతు దిగదు. అది తెలిసి కూడా డబ్బు ఎక్కువొస్తోందని మురిసిన నన్ను ఏమనాలి?

"కొట్టుకెల్లు. నాను ఫోన్లో ఉంటాను" అన్నాను.

సణుక్కుంటూనే వెళ్ళాడు. ఏసీ కొట్టు, ఐసు మీద చేపలు. ఫోన్ వాటి వైపు తిప్పాడు.

"మొప్ప ఎత్తి సూపించు."

"ముట్టుకోనివ్వరే బాబూ."

"కన్ను సూపించు... లోనికెల్లిపోనాది. వద్దు. ఆ పక్క కానాగంతలు సూడు."

ధర చదివి, దాన్ని రూపాయల్లోకి గుణించి కేకేశాడు. "నాలుగు కానాగంతలకి ఇంతా? ఈ డబ్బుకి సంతలో నువ్వు తట్టకి తట్టే అమ్మెస్తావు!" వెనక్కి తిరిగాడు కూడా.

"గునించకు!" అని అరిచాను. పక్కింటివాళ్ళు బయటికొచ్చి చూశారు. చూస్తే చూశారు. "కూర తియ్యకుండా ఎవులైనా పాటెడతారేటి మావా? నీ జీతవూ అంతే. ముందు నీ కూర తీసీ. మిగిలింది మాకంపు. ఇందులో సిగ్గేటి?"

మళ్ళీ ఐసు వైపు తిరిగాడు. తర్వాత కొట్టువాడికి వేలితో చేప చూపించడం కనిపించింది.

ఆ నెలంతా "వచ్చెస్తాను" అన్న మాట వినపడలేదు. బదులు ఇంకో గోల మొదలైంది. అక్కడి చేపలో ఐసు రుచి తప్ప ఏమీ లేదట, కొట్టువాడికి పొలుసు తియ్యడం రాదట. పోనీలే, గొణిగితే గొణిగాడు. తింటున్నాడు.

డబ్బు మాత్రం తగ్గింది. మా అత్త ఊరుకుంటుందా? వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"ఏటే, తగ్గినాది?"

నేనూ కొంగు దోపుకుని యుద్ధానికి సిద్ధమయ్యాను. "కూర తీసుకున్నాడత్తా."

"అంటే... ఇన్నాల్లూ తియ్యనేదా?"

"నేదు."

మా అత్త అలాగే గుమ్మంలో కూలబడింది.

"నాల్నెల్లు నా గుంటడి కూర అమ్ముకు తినీసినామే" అంది.