సారె బండికి కొత్త కమాన్లు

గంగబాబు తన పికప్పు బండికి వెనక చక్రాల మీద బరువు మోసే కమాన్లలో కొత్త ఇనప పట్టీలు వేయించింది అవసరానికి కాదు, ఉక్రోషానికి. కొత్తపేట కొబ్బరి డిపోలో కాయ నిండా ఎత్తుకుని బయల్దేరుతుంటే, అతనిలాగే బండి మీద కాయ తోలే బుజ్జిబాబు నలుగురిలోనూ నోరు పారేసుకున్నాడు.

"ఏవండీ గంగబాబుగారూ, మీ బండి వెనక కూలబడిపోయి ముందు చుక్కలు లెక్కెడుతోందండి. పురుడొచ్చేలా ఉంది, ఆస్పత్రికి తీసుకెళ్ళండి."

డిపో అంతా నవ్వింది. సాయంత్రానికల్లా బండి మెకానిక్కు షెడ్డులో ఉంది. మెకానిక్కు పేరు వీరవెంకటసత్యనారాయణ. అంత పేరు పిలిచే ఓపిక లేక ఊరంతా సత్తిబాబు అంటారు. ఎన్ని పట్టీలు వెయ్యమంటారండి అని అతనడిగితే, "పట్టినన్ని" అన్నాడు గంగబాబు. అతనికి అంతకన్నా కావలసిందేముంది, పట్టినన్నీ వేసేశాడు. బండి వెనక భాగం జానెడు పైకి లేచింది. ఎంత కాయ ఎత్తినా వంగడం మానేసింది. ఖాళీగా ఉన్నప్పుడు మాత్రం అగ్గిపుల్ల మీదనుంచి పోయినా ఎగిరి పడేది. ఆ సంగతి గంగబాబు ఎవరితోనూ అనలేదు, రాత్రిళ్ళు నడుముకి మందు రాసుకునేవాడు.

ఇంతలో కూతురు నిఖిత సీమంతం వచ్చింది. తాటిపాకలో దాని అత్తవారింటికి సారె పట్టుకెళ్ళాలి. అత్తగారు భవానీదేవి మహా మర్యాదస్తురాలు. ఏం తక్కువైనా పల్లెత్తు మాటనదు, నవ్వుతూ వీధి వీధంతా చూపించి వస్తుంది. పెళ్ళి సారెలో లడ్డూ చిన్నదైందని అరచేతిలో పెట్టుకుని ఊరేగించింది. ఆ తరవాత నిఖిత ఫోనులో ఏడ్చిన ఏడుపు గంగబాబు చెవుల్లో ఇంకా ఉంది. ఈసారి సారెకి వంక పెట్టే సందు ఇవ్వకూడదని ఒట్టేసుకుని, ఆత్రేయపురం వెళ్ళి పూతరేకులు బండిలో వేసుకొచ్చాడు.

ఇంటికొచ్చి పెట్టె మూత తీస్తే లోపల పూతరేకులు లేవు, పొడుం ఉంది. భార్య సూర్యావతి గుప్పెడు తీసి చూసింది.

"బాగుందండి. మీ వియ్యపురాలుగారు చెంచాతో తింటారు."

ఆవిడే మళ్ళీ బస్సులో వెళ్ళి, ఇంకో దఫా పూతరేకులు పసిపిల్లాడిలా ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. కానీ మొత్తం సారె ఒళ్ళో పట్టదు కదా. పట్టీలు తీయించేద్దామంటే సత్తిబాబు బావమరిది పెళ్ళికని షెడ్డుకి తాళం వేసుకుపోయాడు. బుజ్జిబాబు బండి అద్దెకి మాట్లాడదామంది సూర్యావతి. అంతకంటే నన్ను కాలవలోకి తోసెయ్యి అన్నాడు గంగబాబు. వెనక బరువుంటే బండి మెత్తగా నడుస్తుంది, ఇసక బస్తాలు వేద్దామన్నాడు.

"కడుపుతో ఉన్న పిల్లకి ఇసక సారె పెడతారా? బుద్ధుందా అండీ మీకు?" అని ఆవిడ ఒంటికాలి మీద లేచింది.

అప్పుడు గుర్తొచ్చాడు తోడల్లుడు. సూర్యావతి అక్క సూరమ్మ మొగుడు, సుబ్రహ్మణ్యేశ్వరరావు. బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి, నిండు విగ్రహం. ఆ ఇంట్లో సన్నగా ఉండేది గడియారం ముల్లొక్కటే. గంగబాబు గృహప్రవేశంలో బంగాళాదుంప వేపుడు తన విస్తరిదాకా రాలేదని ఆయనకి కోపం. ఆ కథ ప్రతి శుభకార్యంలోనూ మొదట్నుంచీ చెప్పేవాడు. విని విని విసుగెత్తి గంగబాబు పిలవడమే మానేశాడు.

ఇప్పుడు భార్యాభర్తలిద్దరూ వెళ్ళి ఆ ఇంటిల్లిపాదినీ బొట్టు పెట్టి పిలిచారు.

"సారె పక్కన పెద్దదిక్కు కూర్చుని రావాలండి అన్నయ్యగారూ. మా వైపు ఆనవాయితీ," అన్నాడు గంగబాబు. అలాంటి ఆనవాయితీ భూప్రపంచంలో లేదు.

ఆయన కాసేపు ఇతని మొహంలోకి చూసి, "ఆయ్, అలాగే," అన్నాడు.

పెద్దవాళ్ళకి ముందు సీటివ్వడం ఎక్కడైనా మర్యాద. గంగబాబు మాత్రం వెనక చక్రాలకి సరిగ్గా మీదకొచ్చేలా కుర్చీ కట్టించాడు. ఆయన బండి పక్కన వంగి, చెప్పు సవరించుకుని, ఎక్కి కూర్చున్నాడు. సూర్యావతి, సూరమ్మ, ఇద్దరు కోడళ్ళు, మేనత్తగారు పళ్ళేల చుట్టూ చాపల మీద సర్దుకున్నారు. కమాన్లు మూలిగాయి. బండి బుద్ధిగా నడిచింది.

దారిలో పి.గన్నవరం దగ్గర టీకి ఆపారు. అక్కడే బుజ్జిబాబు తగలాలా, తగిలాడు. బండిని ఆ చివరినుంచి ఈ చివరిదాకా చూశాడు.

"ఏవండీ, కమాన్లు అణగడానికి మీ అన్నయ్యగారి ఇంటిల్లిపాదినీ లోడెత్తేసేరా? ఇసక దొరకలేదాండి?"

"మమ్మల్ని బరువుకి తెచ్చేరా?" అంటూ సూరమ్మ దిగిపోయింది. వెనకే కోడళ్ళూ, మేనత్తగారూ దిగారు. సుబ్రహ్మణ్యేశ్వరరావు మెల్లిగా దిగి బల్ల మీద కూర్చుని టీ పుచ్చుకున్నాడు. గంగబాబు ఇంకో అబద్ధం కోసం వెతుక్కున్నాడు, దొరకలేదు.

"నిజమేనండి అన్నయ్యగారూ. పొగరెక్కి పట్టీలు వేయించేను. ఈ పూతరేకులు విరిగితే అక్కడ నా కూతురు తలెత్తుకోలేదండి. మీరెంత తిట్టినా పడతాను, తాటిపాక వెళ్ళేక తిట్టండి."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "ఎక్కేటప్పుడే వంగి చూసేనయ్యా. జన్మంతా బస్సు తోలినవాణ్ణి, నాకు కమాను తెలీదా? ఆనవాయితీట."

"మరి ఎందుకెక్కేరండి?"

"ఎన్నాళ్ళకో పిలిచేవు. ఎందుకూ ఏవిటీ అని అడిగితే మళ్ళీ మానేస్తావని ఊరుకున్నాను."

బంగాళాదుంప వేపుడు గురించి ఇన్నేళ్ళు విసుక్కున్నందుకు గంగబాబుకి సిగ్గేసింది. ఆయన లేచి, "ఎక్కవే, పిల్ల సారె," అన్నాడు సూరమ్మతో. బుజ్జిబాబు వైపు తిరిగి, "నిన్నూ రమ్మందును గానీ, నీలో బరువు లేదయ్యా," అన్నాడు.

తాటిపాకలో భవానీదేవి పెట్టెలన్నీ విప్పించి ప్రతి పూతరేకూ తిప్పి తిప్పి చూసింది. ఒక్కటీ చిట్లలేదు. పాపం, వీధిలోకి పట్టుకెళ్ళడానికి ఏమీ దొరక్క, "బాగున్నాయండి," అంది. నిఖిత తండ్రి వంక చూసి పకపకా నవ్వింది. భోజనాల దగ్గర గంగబాబు వడ్డించేవాడి చేతిలో గరిటె లాక్కుని, తోడల్లుడి విస్తట్లో బంగాళాదుంప వేపుడు గుట్టగా పోశాడు.

ఆడవాళ్ళు ఆ పూటకి అక్కడే ఆగిపోయారు. తిరుగు ప్రయాణంలో గంగబాబు ముందు తలుపు తీసి, "దయచెయ్యండి అన్నయ్యగారూ," అన్నాడు. వెనక బరువు లేదు. బండి గోతి గోతికీ ఎగిరింది, ఇద్దరి తలలూ కప్పుకి ఠపఠపా కొట్టుకున్నాయి. ఏ ఇంట్లోనూ సణగకుండా విస్తరి ముందునుంచి లేవని మనిషి కొత్తపేట చేరేదాకా ఒక్క మాటా అనలేదు.

సత్తిబాబు పెళ్ళినుంచి రాగానే ఆ పట్టీలు తీయించెయ్యమంది సూర్యావతి.

"ఉండనీ. పిల్లని బిడ్డతో పంపేటప్పుడు మళ్ళీ సారె పెట్టాలి," అన్నాడు గంగబాబు.

"అయితే?"

"అన్నయ్యగార్ని పిలవాలి కదే."